కృష్ణ ఒడ్డున ఒక రాత్రి ఉండాలంటే ఎక్కడ దిగాలి?

పోయిన కార్తీకంలో అమ్మని తీసుకుని కృష్ణ ఒడ్డున రెండు రోజులు ఉండి వద్దామని గుంటూరు నుంచి బయల్దేరాం. గది కోసం ఫోన్ చేసినప్పుడు "నది పక్కనే అండి, బాల్కనీలోంచి నీళ్ళు కనిపిస్తాయి" అన్నారు. పంపిన ఫొటోలో బాల్కనీ ఉంది, దాని వెనక నిండుగా కృష్ణ ఉంది. తీరా వెళ్ళి చూస్తే బాల్కనీ ముందు అరటితోట, తోట చివర కరకట్ట, కట్ట దిగితే ముళ్ళకంపల మధ్య కాలిబాట. "నది అటేనండి, తోట దాటితే వచ్చేస్తది" అన్నాడు వాచ్‌మన్. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. కార్తీక స్నానం కోసమని అంత దూరం వచ్చిన మనిషి తెల్లవారుజామున బాత్రూంలో బకెట్ నీళ్ళు పోసుకుని, దీపం బాల్కనీ పిట్టగోడ మీద పెట్టింది. ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

అప్పటినుంచి గది గురించి కాదు, ముందు రేవు గురించి అడుగుతున్నాను. ఏసీ ఉందా, టిఫిన్ ఇస్తారా, కారు పెట్టుకోవడానికి చోటుందా అన్నవన్నీ తర్వాత. తెల్లారి లేచి చెప్పులేసుకుని నీళ్ళ దాకా నడిచి వెళ్ళగలమా? వెళ్ళగలిగితేనే నది ఒడ్డున ఉన్నట్టు. లేకపోతే ఊళ్ళో ఏ లాడ్జిలో పడుకున్నా ఒకటే.

విజయవాడ, గుంటూరు వాళ్ళం ఒకటి రెండు రోజులకి వెళ్ళి రావడానికి కృష్ణ మీద ముఖ్యంగా నాలుగు చోట్లు ఉన్నాయి. భవానీ ద్వీపం, అమరావతి, నాగార్జునసాగర్ దగ్గర విజయపురి సౌత్, దివిసీమలో హంసలదీవి వైపు. నాలుగూ ఒకే నది మీదవే అయినా ఏ రెండు చోట్లా నది ఒకలా ఉండదు. అందుకని గదుల కన్నా ముందు నీళ్ళ సంగతి చెప్తాను.

ఏ చోట ఎలాంటి కృష్ణ

ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్నది ఒక కృష్ణ, దిగువన ఉన్నది ఇంకో కృష్ణ. బ్యారేజీ దగ్గర నీళ్ళు 12 అడుగుల మట్టం దాకా నిలబెడతారు, అది 3 టీఎంసీలకు కాస్త పైన. అందుకే మనవైపు ఎండలు మండిపోయే మే నెలలో కూడా భవానీ ద్వీపం చుట్టూ నీళ్ళుంటాయి. దిగువన అలా కాదు. వరద రోజులు పోయాక చాలాచోట్ల ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నటి పాయలే మిగులుతాయి. అమరావతిలో వానాకాలం, చలికాలం నీళ్ళు మెట్లకి దగ్గరగా ఉంటాయి, ఎండలు ముదిరాక మెట్లు వదిలి వెనక్కి జరుగుతాయి. సాగర్‌లో చూసేది నది కాదు, జలాశయం. 590 అడుగుల పూర్తి మట్టానికి నిండినప్పుడు అవతలి ఒడ్డు మసక మసగ్గా ఉంటుంది, అదే మట్టం తగ్గితే చుట్టూ ఎర్రమట్టి, రాళ్ళు బయటపడి వేరే ఊరికి వచ్చినట్టుంటుంది. దివిసీమ చివరికి వెళ్తే ఆటుపోట్లు ఉంటాయి, అక్కడి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతాయి.

కాబట్టి "కృష్ణ ఒడ్డున గది" అన్న మాటకి నెలని బట్టి, చోటుని బట్టి అర్థం మారిపోతుంది. ఫొటో ఆగస్టులో తీసిందైతే మీరు ఏప్రిల్లో వెళ్ళి బాధపడతారు.

అమరావతి

నా ఓటు దీనికే, అందుకని దీని గురించే ఎక్కువ చెప్తాను.

ముందు ఒక జాగ్రత్త. ఫోన్‌లో యాప్ తెరిచి అమరావతి అని కొడితే మంగళగిరి, తాడేపల్లి, తుళ్ళూరు వైపు హోటళ్ళు కూడా వస్తాయి. అవి రాజధాని అమరావతి. మనం వెళ్ళాల్సింది అమరేశ్వరుడి గుడి ఉన్న పాత అమరావతి, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. గుంటూరు నుంచి 35 కిలోమీటర్ల లోపు, విజయవాడ నుంచి సుమారు 40. గది మాట్లాడేటప్పుడు "అమరేశ్వరస్వామి గుడికి ఎంత దూరం?" అని అడిగితే అసలు సంగతి ఇట్టే తేలిపోతుంది.

గుడి నది ఒడ్డునే ఉంది. పంచారామాల్లో ఇది అమరారామం. లింగం 15 అడుగుల ఎత్తు ఉంటుందని చెప్తారు. అభిషేకం చేయాలంటే అర్చకులు పై అంతస్తులోకి ఎక్కి చేస్తారు. గుడికి ఇప్పుడున్న వైభవం చాలావరకు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చలవ. 18వ శతాబ్దం చివర ఆయన చింతపల్లి నుంచి తన రాజధానిని ఇక్కడికి మార్చుకున్నాడు. ఆ కొత్త ఊరి కోసం రాళ్ళు వెతుకుతున్నప్పుడే, ఊరివాళ్ళు దీపాలదిన్నె అని పిలుచుకునే మట్టిదిబ్బ కింద పాత బౌద్ధ స్తూపం తాలూకు చెక్కిన పలకలు బయటపడ్డాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ పలకల్లో గొప్పవి చాలావరకు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి.

ఇది ముందే తెలుసుకుని వెళ్ళాలి. తెలియకుండా సాంచీలాంటి కట్టడాన్ని ఊహించుకుని వెళ్తే, ఇక్కడ కనిపించేది గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, ఇటుకల వరస, నిలబెట్టిన కొన్ని పలకలు. మా పిల్లలు "ఇంతేనా?" అనేశారు. నేను చేసిన తప్పు ఊళ్ళోని మ్యూజియం కన్నా ముందు దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళడం. ముందు మ్యూజియానికి వెళ్ళండి. అక్కడ స్తూపం నమూనా ఉంది, అది చూశాక దిబ్బ దగ్గరికి వస్తే పిల్లలే చేతులు చాపి "ఇక్కడి నుంచి అక్కడిదాకా గోపురం ఉండేదన్నమాట" అని కొలవడం మొదలుపెడతారు. మ్యూజియంలో పూర్ణఘటం, అంటే నిండు కుండ శిల్పం, చూపించి, మన రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది ఇదేనని చెప్పండి. బడి పుస్తకం మీద రోజూ చూసే బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినప్పుడు మా చిన్నాడి మొహం చూడాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అది గుర్తుపెట్టుకోండి. ధ్యాన బుద్ధుడి విగ్రహం, 125 అడుగులది, అక్కడికి దగ్గర్లోనే ఉంది. దాన్ని సాయంత్రానికి పెట్టుకుంటే మంచిది, మధ్యాహ్నం ఆ మెట్ల మీద కాళ్ళు కాలిపోతాయి.

ఇక రేవు. జనవరిలో మేము దిగిన గది నుంచి నీళ్ళ దాకా నడక ఏడెనిమిది నిమిషాలు. ఆరు గంటలకి వెళ్ళేసరికి నది మీద పొగమంచు ఇంకా లేవలేదు. మెట్ల మీద ఒకాయన కూర్చుని వల కొసని కాలి బొటనవేలికి తగిలించుకుని చిక్కు తీస్తున్నాడు. వలలో ఒక జెల్ల ఇరుక్కుంది. దాని ముల్లు వేలికి గుచ్చుకోకుండా వెనక నుంచి పట్టుకుని, దారాన్ని ఒక్కో పోగు తప్పించి, చేపని బుట్టలో పడేశాడు. పక్కన పుట్టి బోర్లా వేసి ఉంది. మా చిన్నాడు పావుగంట సేపు అక్కడి నుంచి కదల్లేదు. ఏ రిసార్టులోనూ ఇది టికెట్ పెట్టి చూపించలేరు.

సౌకర్యాల విషయంలో మాత్రం ఆశలు తగ్గించుకోవాలి. అమరావతిలో దిగడమంటే సత్రాలు, చిన్న లాడ్జీలు. మంచం, ఫ్యాను, శుభ్రమైన బాత్రూం దొరికితే చాలనుకుని వెళ్ళండి. భోజనం మెస్సుల్లో, టిఫిన్ బళ్ళ మీద దొరుకుతుంది. రాత్రి తొమ్మిది దాటితే ఊరు సద్దుమణుగుతుంది కాబట్టి తొందరగా తినేయండి. కార్తీక సోమవారాలు, శివరాత్రి రోజుల్లో గది దొరకడం కష్టం, దొరికినా రేవులో కాలు పెట్టే సందు ఉండదు. ప్రశాంతత కోసమైతే ఆ రోజులు వదిలేసి మామూలు రోజు చూసుకోండి.

సాగర్

చరిత్ర అంటే ప్రాణం ఉన్నవాళ్ళకి, స్కూలు వయసు దాటిన పిల్లలున్నవాళ్ళకి సాగర్ చెప్తాను. ఒక్క రాత్రికి చాలదు. గుంటూరు నుంచి మాచర్ల మీదుగా సుమారు 140 కిలోమీటర్లు, విజయవాడ నుంచి ఇంకా ఎక్కువ. వెళ్ళడానికి సగం రోజు, రావడానికి సగం రోజు పోతే మధ్యలో ఒక పూర్తి రోజు మిగలాలి.

1955 డిసెంబరు 10న సాగర్ ఆనకట్టకి నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. ఈ రెండు తేదీల మధ్యలో ఇక్ష్వాకు రాజుల పాత రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం మునిగిపోయింది. మునిగే లోపు, 1954 నుంచి 1960 వరకు, తవ్వకాలు జరిపి దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ళ మధ్య దీవిలా మిగిలిన నాగార్జునకొండ. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే వెళ్ళడానికే దాదాపు గంట. లాంచీ మధ్యలోకి వెళ్ళాక "మన కింద ఒక ఊరుంది" అని పిల్లలకి చెప్పండి, అందరూ ఒక్కసారి అంచుకి వంగి నీళ్ళలోకి చూస్తారు.

అయితే లాంచీ మీ చేతిలో లేదు. నీటిమట్టం, గాలి, ఎక్కేవాళ్ళ సంఖ్య, ఇవన్నీ కుదరాలి. అక్కడ కూడా మ్యూజియం శుక్రవారం మూసేస్తారు. లాంచీ ఒక్కటే నమ్ముకుని వెళ్ళకుండా రెండో దారి పెట్టుకోండి. అనుపు అనే చోట, ఆ లోయలోంచి తెచ్చి తిరిగి కట్టిన కట్టడాలున్నాయి, మెట్లమెట్లుగా కూర్చునే రాతి రంగస్థలం ఉంది. దానికి లాంచీ అక్కర్లేదు, కారు వెళ్తుంది. ఎత్తిపోతల జలపాతం కూడా దగ్గరే. చంద్రవంక వాగు అక్కడ 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. ఎత్తిపోతలలోనే పర్యాటక శాఖ గదులున్నాయి. తెలంగాణ ఒడ్డున హిల్ కాలనీలో విజయ విహార్ ఉంది. జలాశయం కనిపించే గది కావాలంటే అటు వైపు, లాంచీకి, అనుపుకి దగ్గరగా ఉండాలంటే ఇటు వైపు.

రేవు లెక్కలో మాత్రం సాగర్ ఓడిపోతుంది. అది దిగి స్నానం చేసే నీళ్ళు కాదు, లోతు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. కళ్ళతో చూసే నీళ్ళు. పెద్దవాళ్ళకి లాంచీ ఎక్కడం, దిగడం, కొండ మీద నడక కూడా కష్టమే.

దారిలో కారంపూడి ఆగండి. పల్నాటి యుద్ధం జరిగిన ఊరు, వీరుల గుడి ఉంది. కార్తీకంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి.

భవానీ ద్వీపం

చిన్న పిల్లలున్నవాళ్ళకి, సెలవు ఒక్కరోజే దొరికినవాళ్ళకి ఇది తేలిక. 133 ఎకరాల దీవి, విజయవాడ ఘాట్ నుంచి బోటు ఎక్కితే నిమిషాల్లో చేరిపోతారు. పగలంతా జనం, పిల్లల ఆటలు, మైకులు. ఆఖరి బోటు వెళ్ళిపోయాకే ద్వీపం ద్వీపంలా ఉంటుంది. ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు, చుట్టూ నీళ్ళ చప్పుడు. రాత్రి ఉండేవాళ్ళకి మాత్రమే దక్కేది ఆ రెండు మూడు గంటలే, కాబట్టి అక్కడ దిగితే సాయంత్రం గదిలో టీవీ ముందు కూర్చోకండి.

చారిత్రక ప్రాంతంలో ఉన్నామన్న అనుభూతి కావాలంటే మర్నాడు ఉండవల్లి గుహలకి వెళ్ళాలి. నాలుగు అంతస్తుల గుహాలయం, పైన ఒకే రాతిలో మలిచిన అనంతపద్మనాభస్వామి. బ్యారేజీ దాటితే వచ్చేస్తుంది. ఎండ ఎక్కకముందే ఎక్కి దిగేయండి.

భయం ఒక్కటే, వరద. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు ద్వీపం మునిగింది. కాటేజీలు ఇప్పుడు తెరిచి ఉన్నాయా, ఎన్ని గదులు ఇస్తున్నారు అన్నది బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. పాత ఫొటోలు చూసి వెళ్ళకండి.

దివిసీమ

ఇక్కడ నిజం చెప్పాలంటే నది ఒడ్డున గది అనేది తక్కువ. అవనిగడ్డలోనో మచిలీపట్నంలోనో దిగి పగలు తిరగాలి. కానీ వెళ్ళే దారి మాత్రం బంగారం. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, మ్యూజియం, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి, పక్కన కూచిపూడి. చివరికి హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి, అక్కడి నుంచి సాగరసంగమం. గోధుమ రంగు నది నీళ్ళు, సముద్రం నీళ్ళు ఒకదాన్నొకటి తోసుకునే చోటు కళ్ళారా కనిపిస్తుంది. సంగమంలో దిగకండి, అలల కింద లాగుడు ఉంటుంది. చీకటి పడే లోపు వెనక్కి వచ్చేయాలి. మంచినీళ్ళు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఆ ఊళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెప్తారు. వాళ్ళు చెప్పాలనుకుంటే కూర్చుని వినండి, మీరుగా తవ్వి అడగకండి.

ఎవరికి ఏది

అమ్మానాన్నలతో, అత్తమామలతో వెళ్తుంటే అమరావతి. రెండో ఆలోచన వద్దు. చిన్న పిల్లలు, ఒక్క రాత్రి అయితే భవానీ ద్వీపం. మూడు రోజులు, కారు, చరిత్ర మీద ఆసక్తి ఉంటే సాగర్. ఇద్దరే వెళ్తూ, గది ఎలా ఉన్నా పర్వాలేదు, దారి బాగుంటే చాలు అనుకుంటే దివిసీమ. జగ్గయ్యపేట వైపువాళ్ళకి వేదాద్రి దగ్గర. నరసింహస్వామి గుడి కృష్ణ ఒడ్డునే ఉంది, భక్తితో వెళ్ళేవాళ్ళకి బాగుంటుంది, విశ్రాంతి కోసం వెళ్ళేవాళ్ళకి నేను చెప్పను.

నెలల విషయానికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నాలుగు చోట్లూ బాగుంటాయి. జులై నుంచి అక్టోబరు దాకా వెళ్ళేవాళ్ళు ఎగువన ఉన్న సాగర్, పులిచింతల ఆనకట్టల నుంచి నీళ్ళు ఎంత వదులుతున్నారో వార్తల్లో చూసుకోవాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ప్రయాణం వాయిదా వేసేయండి, అడ్వాన్స్ పోయినా సరే. కరకట్టకీ నదికీ మధ్యలో, అంటే కట్ట లోపల ఉన్న గదులు ఆ నెలల్లో అసలు వద్దు. దసరా పది రోజులు విజయవాడలో గది దొరకదు.

పడవ ఎక్కే ప్రతిచోటా లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. 2017 నవంబరులో, ఇలాంటి కార్తీకమాసం ఆదివారమే, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. "పది నిమిషాలే కదమ్మా" అని ఎవరన్నా అంటే ఆ పడవ దిగిపోండి.

గది మాట్లాడేటప్పుడు నేను అడిగేవి ఇవీ. గది నుంచి నీళ్ళ దాకా నడవడానికి ఎన్ని నిమిషాలు, మధ్యలో రోడ్డు గానీ తోట గానీ ఉందా, రేవుకి మెట్లున్నాయా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, తెల్లవారుజామున నాలుగింటికి తీస్తారా, కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాన్ ఒక్కటేనా. ఈ వారంలో తీసిన ఫొటో ఒకటి వాట్సాప్‌లో పంపమంటాను. ఫొటో పంపడానికి నసిగితే ఆ గది వదిలేస్తాను.

ఈ కార్తీకానికి అమ్మ కోసం మళ్ళీ అమరావతిలోనే గది మాట్లాడాను. సోమవారం కాకుండా బుధ, గురువారాలు. "రేవుకి ఎన్ని మెట్లు బాబూ?" అని అడిగితే ఆ అబ్బాయి "ఎప్పుడూ లెక్కపెట్టలేదమ్మా, సాయంత్రం చూసి చెప్తా" అన్నాడు. నిజంగానే సాయంత్రం ఫోన్ చేశాడు. ఒక పక్క పట్టుకోవడానికి కమ్మీ ఉందట, కింద మూడు మెట్లకి పాకుడు పట్టిందట. "అమ్మగారిని నాలుగో మెట్టు మీదే కూర్చోబెట్టండి, నీళ్ళు అక్కడిదాకా వస్తాయి" అన్నాడు.